పాఠం 8: ఘంటసాల వెంకటేశ్వరరావు – జీవిత చరిత్ర, దానిని సరిచూసుకొనే పద్ధతి

8.1 ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ప్రసిద్ధ గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
• అంతర్జాలంలోని విజ్ఞానసర్వస్వంలో ఒక వ్యక్తి జీవిత చరిత్ర చదివేటప్పుడు ఏయే విషయాలను సరిచూసుకోవాలో గుర్తించగలుగుతారు.
• తేదీలు, ఊళ్ళు, పేర్లు, అంకెలు – వీటిలో పొరపాట్లు ఎలా వస్తాయో చెప్పగలుగుతారు.
• మీకు తెలిసిన ఒక వ్యక్తి జీవితాన్ని సొంత మాటల్లో, తప్పులు లేకుండా రాయగలుగుతారు.

8.2 పరిచయం

మీరు కోంటలో ఉండవచ్చు. భోపాలపట్నంలోనో, జగదల్‌పూర్‌లోనో ఉండవచ్చు. బస్తరు ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో హల్బీ లేదా హిందీ, ఊరి బయట గోండీ వింటూ పెరిగినవారు మీలో కొందరైనా ఉంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఘంటసాల పాట వినిపిస్తే చేతిలో పని ఆపి వినడం మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు మీరు ఆయన గురించి ఒక వ్యాసం రాయాలనుకోండి. దగ్గరలో తెలుగు పుస్తకాలున్న గ్రంథాలయం లేకపోవచ్చు. చేతిలో ఫోను మాత్రం ఉంటుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో ఘంటసాల పేరు వెతికితే పెద్ద వ్యాసమే కనిపిస్తుంది. దానిని చూసి రాసేస్తే సరిపోతుందా?

ఒక విషయం గుర్తుంచుకోండి. అటువంటి విజ్ఞానసర్వస్వంలో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అది దాని బలం, దాని బలహీనత కూడా. తెలిసినవారు రాసిన మంచి వాక్యం పక్కనే, విన్నది విన్నట్టు రాసిన వాక్యం ఉండవచ్చు. రెండూ ఒకే అచ్చులో కనిపిస్తాయి. కాబట్టి వాటిని వేరు చేసుకోవలసిన బాధ్యత చదివేవారిదే. ఈ పాఠంలో ఘంటసాల జీవితాన్ని చదువుతూనే ఆ పని ఎలా చేయాలో నేర్చుకుందాం.

8.3 పుట్టుక – ఊరు, పేరు

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య, తల్లి రత్తమ్మ. సూరయ్య గాయకుడు, మృదంగం కూడా వాయించేవారు. నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. తండ్రి పాడుతూ ఉంటే చిన్నవాడైన వెంకటేశ్వరరావు నృత్యం చేసేవాడు. సంగీతం ఆయనకు బడిలో కాదు, తండ్రి భుజాల మీద మొదలయింది.

ఇక్కడ మీరు సరిచూసుకోవలసినవి మూడు ఉన్నాయి.

మొదటిది ఊరు. కృష్ణా జిల్లాలో ఘంటసాల అనే గ్రామం ఉంది. పురాతన బౌద్ధ స్తూపం వల్ల అది ప్రసిద్ధి పొందింది. గాయకుని పేరు ఘంటసాల కాబట్టి ఆయన ఆ ఊరిలో పుట్టారని అనుకోవడం తేలిక. కాని ఘంటసాల ఆయన ఇంటిపేరు. ఇంటిపేరును బట్టి పుట్టిన ఊరు నిర్ణయించకూడదు.

రెండవది రాష్ట్రం. ఆయన ఆంధ్రప్రదేశ్‌లో పుట్టారని రాస్తే అది పూర్తిగా సరి కాదు. 1922లో ఆంధ్రప్రదేశ్ లేదు. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న చౌటపల్లిలో అని రాస్తే చదివేవారికి అయోమయం ఉండదు.

ఈ విషయం మీకు బాగా అనుభవంలో ఉన్నదే. కోంటను తీసుకోండి. 1947లో అది బస్తరు సంస్థానంలో ఉంది. 1948లో సంస్థానం విలీనమై బస్తరు జిల్లా అయింది. 1998లో దంతెవాడ జిల్లా ఏర్పడినప్పుడు కోంట అందులోకి వెళ్ళింది. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుండి ఛత్తీస్‌గఢ్ విడిపోయింది. 2012లో కోంట సుకుమా జిల్లాలో చేరింది. 1990లో కోంటలో పుట్టిన వ్యక్తి ఊరు కదలకుండానే రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూశాడన్నమాట. పాత ధ్రువపత్రంలో ఒక జిల్లా, కొత్త కార్డులో మరొక జిల్లా ఉంటే ఎంత ఇబ్బందో మీకు చెప్పనక్కరలేదు. జీవిత చరిత్ర రాసేవారికీ అదే చిక్కు వస్తుంది.

మూడవది పేరు. తెలుగు సినిమా చరిత్రలో ఘంటసాల ఇంటిపేరు గల మరొక ప్రముఖుడు ఉన్నారు. ఆయన ఘంటసాల బలరామయ్య. నిర్మాత, దర్శకుడు. 1944లో వచ్చిన సీతారామ జననం, 1948లో వచ్చిన బాలరాజు ఆయన తీసిన చిత్రాలు. ఈ రెండింటిలోనూ గాయకుడు ఘంటసాల పాలుపంచుకొన్నారు. మొదటి దానిలో బృందగానంలో గొంతు కలిపారు. రెండవ దానిలో కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావుకు పాడారు. ఒకే చిత్రంలో ఇద్దరు ఘంటసాలలు ఉన్నప్పుడు ఒకరి పని మరొకరికి అంటగట్టే ప్రమాదం ఉంది. పేరు చివరిదాకా చదవడం అలవాటు చేసుకోండి.

8.4 చదువు కోసం పడిన కష్టం

వెంకటేశ్వరరావు బాల్యంలోనే తండ్రి మరణించారు. కుటుంబ భారాన్ని మేనమామ చూసుకొన్నారు. తండ్రి విడిచివెళ్ళిన ఆస్తి సంగీతం మీద మమకారం ఒక్కటే. ఆ బాలుడు సంగీతం వచ్చినవారి ఇళ్ళలో పనులు చేస్తూ నాలుగు ముక్కలు నేర్చుకోవాలని ప్రయత్నించాడు. అది సాగలేదు.

అప్పుడు ఆయన ఒక నిర్ణయం తీసుకొన్నారు. చేతికున్న ఉంగరం అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం చేరారు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల ఉంది. అది 1919లో స్థాపించబడింది. దానికి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల చేరే నాటికి వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు అధ్యక్షులుగా ఉన్నారు.

ఊరు కాని ఊరు. చేతిలో డబ్బు లేదు. ఆ స్థితిలో ఆయనను ఆదరించినవారు గాత్ర పండితులు పట్రాయని సీతారామశాస్త్రి. శాస్త్రిగారు సంపన్నులు కారు. అయినా ఫీజు లేకుండా సంగీతం నేర్పారు. భోజనం కోసం ఘంటసాల మధుకరం చేశారు. అంటే జోలె పట్టి ఇంటింటికి వెళ్ళి అన్నం అడిగి తెచ్చుకొని తినేవారు. ఆ విధంగా చదివి కళాశాలలో సంగీత విద్య పూర్తి చేశారు.

మీలో చాలామంది చదువు మధ్యలో ఆగిపోయినవారే. పనికి వెళ్ళి వచ్చి, రాత్రి ఈ పుస్తకం తెరుస్తున్నవారే. కాబట్టి జీవిత చరిత్రలో ఈ భాగం మీకు బాగా అర్థమవుతుంది. అందుకే ఇక్కడ మరింత జాగ్రత్త అవసరం. మన మనసుకు దగ్గరైన కథను మనం పరీక్షించకుండానే నమ్ముతాం, ఇంకొంచెం కల్పించి కూడా చెబుతాం. ఉంగరం ధర ఎంత, ఎన్ని రోజులు పస్తులున్నారు వంటి వివరాలు చెప్పేవారిని బట్టి పెరుగుతూ పోతాయి. వీటిని చదివినప్పుడు ఈ సంగతి ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలుసు అని అడగండి. స్వయంగా ఘంటసాల చెప్పినది, గురువుగారి కుటుంబం చెప్పినది ఒక స్థాయి సాక్ష్యం. పేరు లేని పేజీలో కనిపించినది మరొక స్థాయి.

గురువుగారి కుటుంబంతో ఆయన బంధం చివరిదాకా కొనసాగింది. సీతారామశాస్త్రి కుమారుడు పట్రాయని సంగీతరావు చాలా ఏళ్ళు మద్రాసులో ఘంటసాలకు సంగీత సహాయకులుగా పనిచేశారు. అన్నం పెట్టి, చదువు చెప్పినవారి పేరు శిష్యుని జీవిత చరిత్రలో తప్పిపోతే, అది చిన్న పొరపాటు కాదు. ఒకరికి చెందవలసిన గౌరవం వారికి అందకుండా పోయినట్లే.

8.5 జైలు జీవితం, మద్రాసు ప్రయాణం

1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఘంటసాల అందులో పాల్గొని అరెస్టయి అలీపురం జైలులో శిక్ష అనుభవించారు. అలీపూర్ అనగానే కలకత్తాలోని జైలు గుర్తుకు రావచ్చు. కాని ఇది బళ్ళారిలోని అలీపురం జైలు. అప్పుడు బళ్ళారి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఒకే విధంగా వినిపించే ఊళ్ళ పేర్లు వచ్చినప్పుడు ఆ కాలపు పటం చూసుకోవాలి. కృష్ణా జిల్లా యువకుణ్ణి ఏ జైలుకు పంపే అవకాశం ఎక్కువ అని ఆలోచించినా జవాబు తెలుస్తుంది.

1944లో ఆయనకు సావిత్రితో వివాహమయింది. ఆమెది పెదపులివర్రు. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యులదీ ఆ ఊరే. ఆ పరిచయంతో ఘంటసాల మద్రాసు చేరారు. అవకాశాలు వెంటనే రాలేదు. ఆకాశవాణిలో పాడారు, చిత్రాలలో బృందగానాలలో పాడారు. 1945లో బి. ఎన్. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడే అవకాశం లభించింది. నేపథ్య గాయకునిగా ఆయన ప్రయాణం అక్కడి నుండి మొదలయిందని చెప్పవచ్చు.

ఆయన మొదటి చిత్రం ఏది అన్న ప్రశ్నకు మీకు రెండు జవాబులు కనిపిస్తాయి. ఒకచోట సీతారామ జననం అని, మరొకచోట స్వర్గసీమ అని. ఇందులో ఒకటి తప్పు అని తొందరపడకండి. బృందంలో పాడిన మొదటి చిత్రం ఒకటి, విడిగా గుర్తింపు వచ్చేలా పాడిన మొదటి చిత్రం మరొకటి. మొదటిది అనే మాట కనిపించినప్పుడల్లా దేనిలో మొదటిది అని అడగడం నేర్చుకోండి.

8.6 గాయకుడు, సంగీత దర్శకుడు

ఘంటసాల రెండు పనులు చేశారు. ఇతరులు కట్టిన బాణీలు పాడారు. తాను బాణీలు కట్టి తానూ పాడారు, ఇతరుల చేత పాడించారు. ఈ తేడా గమనించకపోతే జీవిత చరిత్ర తారుమారవుతుంది.

సంగీత దర్శకునిగా ఆయన చేసిన చిత్రాలలో మనదేశం (1949), కీలుగుర్రం (1949), పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962), లవకుశ (1963) ముఖ్యమైనవి. మనదేశం నందమూరి తారక రామారావు నటించిన మొదటి చిత్రం. పాతాళభైరవి విజయంతో ఘంటసాల పేరు ఇంటింటా వినిపించింది.

దేవదాసు (1953)లో పాటలు ఆయన పాడారు. కాని ఆ చిత్రానికి సంగీత దర్శకులు సి. ఆర్. సుబ్బరామన్. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సుబ్బరామన్ 1952లోనే మరణించారు. మరణించిన మనిషి తరువాతి సంవత్సరం సంగీతం ఎలా చేస్తారు, ఇది తప్పు అని మీకు అనిపించవచ్చు. తప్పు కాదు. పాటల పని విడుదలకు చాలా ముందే జరుగుతుంది. మిగిలిన పనిని ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. అంటే సందేహించడం ఎంత అవసరమో, సందేహం రాగానే కొట్టివేయకుండా కారణం వెతకడం కూడా అంతే అవసరం.

మాయాబజార్ విషయం దీనికి భిన్నమైనది. చిత్రం మొదట్లో వచ్చే పేర్లలో సంగీత దర్శకునిగా ఘంటసాల పేరు కనిపిస్తుంది. అది మంచి సాక్ష్యమే. అయితే ఆ చిత్రానికి మొదట పని ప్రారంభించినవారు సాలూరి రాజేశ్వరరావు. నాలుగు పాటలకు బాణీలు కట్టిన తరువాత ఆయన తప్పుకొన్నారు. ఆ పాటలకు వాద్య సంగీతం కూర్చి రికార్డు చేయించడం, మిగిలిన పాటలకు బాణీలు కట్టడం ఘంటసాల చేశారు. చిత్రంలోని పేర్లు మాత్రమే చూస్తే రాజేశ్వరరావు కనబడరు. ఆయన పేరు మాత్రమే చెబితే ఘంటసాల శ్రమ కనబడదు. ఇద్దరి వాటా ఇద్దరికీ ఇచ్చే వాక్యమే సరైన వాక్యం.

ఘంటసాల నిర్మాతగా కూడా కొన్ని చిత్రాలు తీశారు. పరోపకారం (1953), సొంతవూరు (1956), భక్త రఘునాథ్ (1960) అటువంటివి. సినిమా పాటలే కాక కరుణశ్రీ పద్యాలను గ్రామఫోను రికార్డులకు పాడారు. చదవడం రానివారు కూడా ఆ పద్యాలు కంఠస్థం చేశారంటే అందుకు ఆ రికార్డులే కారణం.

8.7 పెద్ద అంకెల సంగతి

ఘంటసాల పదివేలకు పైగా పాటలు పాడారని చాలాచోట్ల రాసి ఉంటుంది. దీనిని మనం చిన్న లెక్కతో పరీక్షిద్దాం. కాగితం, కలం తీసుకోండి.

స్వర్గసీమ 1945లో వచ్చింది. ఆయన 1974లో మరణించారు. అంటే 29 సంవత్సరాలు. 10,000ను 29తో భాగించండి. ఏడాదికి సుమారు 345 పాటలు వస్తాయి. అంటే దాదాపు రోజుకొక పాట. పండుగ లేదు, జబ్బు లేదు, ప్రయాణం లేదు. ఆ రోజుల్లో గాయకుడు, వాద్యకారులు అందరూ కలిసి ఒకేసారి రికార్డింగు చేయవలసి వచ్చేది. అంతకు ముందు సాధన ఉండేది. పైగా ఆయన తన చిత్రాలకు బాణీలు కూడా కట్టుకోవాలి, కచేరీలు చేయాలి. తొలి సంవత్సరాలలో ఆయనకు పాటలు తక్కువ. కాబట్టి తరువాతి ఏళ్ళలో రోజుకు ఒకటి కంటే ఎక్కువ పాడి ఉండాలి.

ఈ లెక్క చూశాక ఆ అంకె రాయడానికి మీ చేయి ఆగాలి. ఆ అంకె పది పేజీలలో కనిపించినా అది పది సాక్ష్యాలు కాదు. వారపు సంతలో ఒకరు అన్న మాటను పదిమంది పది ఊళ్ళకు మోసుకుపోతారు. మరునాడు పది ఊళ్ళలో వినిపించినా, మాట పుట్టింది ఒక నోటనే. అంతర్జాలంలో కూడా ఒకరిని చూసి మరొకరు రాస్తారు.

మరి ఏం రాయాలి? సుమారు మూడు దశాబ్దాల పాటు తెలుగు చిత్రాలలో ప్రధాన గాయకునిగా పాడారు అని రాయండి. ఇది చిత్రాల పేర్లు చూపి నిరూపించగలిగిన మాట. పెద్ద అంకె తీసివేస్తే ఘంటసాల గొప్పతనం తగ్గదు. ఆయన గొంతు అంకెల మీద ఆధారపడి నిలబడలేదు.

8.8 చివరి సంవత్సరాలు

1970లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఇటువంటి బిరుదులను సరిచూడడం తేలిక. ప్రభుత్వం ప్రతి ఏడాది జాబితా ప్రకటిస్తుంది. అందులో పేరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసునిగా కూడా ఆయన గౌరవం పొందారు. 1971లో అమెరికా, ఐరోపాలలో పర్యటించి కచేరీలు చేశారు.

తరువాత ఆరోగ్యం దెబ్బతిన్నది. ఆ రోజుల్లోనే భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో మరణించారు. భగవద్గీత రికార్డు ఆయన మరణానంతరం విడుదలయింది. తెలుగు పల్లెల్లో ఆ గొంతు వినిపించని ఊరు అరుదు. ఆ రికార్డు ఎలా ఆదరణ పొందిందో చూడడానికి ఆయన లేరు.

మరణించేనాటికి ఆయన వయస్సు ఎంత? 1974లో నుండి 1922 తీసివేస్తే 52 వస్తుంది. కాని అది తప్పు. ఆయన పుట్టినది డిసెంబరులో, మరణించినది ఫిబ్రవరిలో. 1974 పుట్టినరోజు ఇంకా రాలేదు. కాబట్టి వయస్సు 51. విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 2003లో తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

8.9 సారాంశం

ఘంటసాల తండ్రిని చిన్నతనంలో కోల్పోయి, మధుకరం చేసి చదువుకొని, జైలుకు వెళ్ళి, బృందగానాల నుండి ప్రధాన గాయకుని స్థాయికి ఎదిగారు. ఆయన జీవితం చదువుతూ మీరు ఆరు సంగతులు నేర్చుకొన్నారు.

1. ఊరు ఆ కాలంలో ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉందో చూడాలి.
2. ఒకే ఇంటిపేరు గలవారిని వేరుగా గుర్తించాలి.
3. మొదటిది అని ఉంటే దేనిలో మొదటిదో అడగాలి.
4. ఎవరు చేసిన పని వారికే చెప్పాలి.
5. పెద్ద అంకెను లెక్క వేసి చూడాలి.
6. పది చోట్ల కనిపించిన మాట మొదట ఎక్కడ పుట్టిందో వెతకాలి.

విజ్ఞానసర్వస్వంలో తప్పు కనిపిస్తే మీరు కూడా దానిని దిద్దవచ్చు. దిద్దేటప్పుడు మీ ఆధారం ఏమిటో రాయండి. మీ ఊరిలో ఎవరి దగ్గరైనా పాత పాటల పుస్తకమో, గ్రామఫోను రికార్డో ఉండవచ్చు. దాని మీద అచ్చయిన పేరు, సంవత్సరం కూడా ఆధారమే. బడి మానేసినవారు దిద్దకూడదని నియమం ఏమీ లేదు.

8.10 మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ఘంటసాల గ్రామంలో ఆయన జన్మించారనడం ఎందుకు పొరపాటు?
2. దేవదాసుకు, మాయాబజార్‌కు ఘంటసాల చేసిన పనిలో తేడా ఏమిటి?
3. ఒక వ్యక్తి 1950 నవంబరు 20న పుట్టి 2001 మార్చి 5న మరణిస్తే, మరణించేనాటికి వయస్సు ఎంత?
4. మీ ఊరు మీరు పుట్టిన సంవత్సరంలో ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉండేది? ఇప్పుడు ఎక్కడ ఉంది? రెండు వాక్యాలలో రాయండి.
5. మీ ఇంట్లోనో, ఊరిలోనో మరణించిన ఒక పెద్ద మనిషి జీవితాన్ని పది వాక్యాలలో రాయండి. ప్రతి వాక్యం పక్కన అది మీకు ఎవరి ద్వారా తెలిసిందో గుర్తు పెట్టండి.

జవాబులు

1. ఘంటసాల ఆయన ఇంటిపేరు. ఆయన చౌటపల్లిలో జన్మించారు.
2. దేవదాసులో పాటలు పాడారు. మాయాబజార్‌కు సంగీత దర్శకత్వం వహించారు. అందులో నాలుగు పాటల బాణీలు మాత్రం సాలూరి రాజేశ్వరరావువి.
3. 50 సంవత్సరాలు.
4, 5. ఇవి మీ సొంత సమాధానాలు. రాసిన తరువాత ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి. వారు ఎక్కడ ఆపి సవరిస్తారో, అక్కడ మీరు మళ్ళీ సరిచూసుకోవాలి.